బెల్టు మధ్యలో ఖాళీ

ఇందీవర గ్రైండరు బెల్టు ఒక గురువారం సాయంత్రం, పప్పు సగం నలిగాక, టప్పున తెగిపోయింది.

నార్వే పడమటి తీరంలో, ఏడాది పొడుగునా వాన కురిసే ఒక రేవు పట్నంలో ఆమె ఉంటుంది. పుట్టింది తెనాలి. భర్త మురారి సముద్రం మధ్యలో చమురు తీసే ప్లాట్‌ఫారం మీద ఇంజనీరు, నెలలో సగం రోజులు నీళ్ల మీదే గడిపే మనిషి. ఆయన లేని రోజుల్లో ఊరికే కూర్చోలేక ఇందీవర శనివారం సంతలో చేపలమ్మే ఆయనకూ ఉన్ని మేజోళ్లమ్మే ఆవిడకూ మధ్య ఇడ్లీ బండి పెట్టింది. మొదట్లో అవేమిటో తెలియక జనం వాసన చూసి వెళ్లిపోయేవారు. తరువాత గొడుగులు పట్టుకుని వరసలో నిలబడటం మొదలుపెట్టారు.

రబ్బరు ముక్కే కదా అనుకుంది ఆమె. కుట్టుమిషన్ల దుకాణంలో అడిగింది, సైకిళ్ల దుకాణంలో అడిగింది, చివరికి చేపల పడవల ఇంజన్లు బాగుచేసే అతన్ని కూడా అడిగింది. అతను ఎంతో శ్రద్ధగా వెతికి ఒక బెల్టు ఇచ్చాడు. అది వేసి స్విచ్ నొక్కితే గ్రైండరు పడవలాగే ముందుకు కదిలి, వంటగది దాటి, హాల్లో సోఫాకు తగులుకుని ఆగింది.

గత్యంతరం లేక ఆ శనివారం మిక్సీలో రుబ్బిన పిండితో ఇడ్లీ వేసింది. ప్రతివారం అందరికన్నా ముందు వచ్చే హాల్వర్ అనే రిటైర్డ్ ఓడ కెప్టెను ఒక ఇడ్లీ తిని, రెండోది ప్లేటులో అలాగే వదిలేసి, వాన గురించి రెండు ముక్కలు మాట్లాడి వెళ్లిపోయాడు. ఆ ఊళ్లో మనిషి వాన గురించి మాట్లాడాడంటే ఇంకేమీ మాట్లాడటానికి మనసొప్పలేదని అర్థం. మరుసటి వారానికి వరస పలచబడింది. ఆ పై వారం సంత చూసుకునే అధికారి వచ్చి, వచ్చే సీజనుకు ఆ చోటు కోసం ఊదు కడ్డీలమ్మే వాళ్లు అడుగుతున్నారని చాలా మర్యాదగా చెప్పి వెళ్లాడు.

ఇందీవర ఆ రోజే ఫోనులో హైదరాబాదు దుకాణం ఒకటి వెతికి పట్టుకుంది. ఆమెకు కావలసిన బెల్టు ఉంది. దాని ధర ఇక్కడ ఒక కాఫీ ఖరీదు. దాన్ని నార్వేకు పంపడానికి అడిగిన ఛార్జి మాత్రం కాఫీ తోట ఖరీదులా కనిపించింది. మురారికి ఫోను చేస్తే, గాలి హోరులోంచి ఆయన అరిచి చెప్పిందేమిటంటే, సమితి వాళ్లు ఉమ్మడి పెట్టె తెప్పిస్తున్నారు కదా, అందులో వేయించు, మన వాటా చిల్లరే అవుతుంది.

సమితి అంటే ఫియోర్డాంధ్ర తెలుగు సమితి; ఫియోర్డు అంటే అక్కడి కొండల మధ్యకు చొచ్చుకొచ్చే సముద్రపు పాయ. అందరూ ఆన్‌లైనులో కొన్నవన్నీ హైదరాబాదు బాలానగర్‌లో ఒక గోదాముకు చేరతాయి. వాటిని ఒకే పెట్టెలో పెట్టి విమానంలో తెప్పించి, ఛార్జిని అందరూ పంచుకుంటారు. అంతవరకూ అది చాలా తెలివైన పద్ధతి. మొదటి ఏడాది అందరికీ లాభించింది కూడా. ఆ తరువాత సమితి అధ్యక్షులు కోటంరాజు విశ్వంభరం గారిని వాళ్ల ఆఫీసువాళ్లు సరుకు రవాణా మీద ఒక క్లాసుకు పంపారు.

కొరియరు కంపెనీలు పెట్టె ఎంత పెద్దదో కొలిచి దాన్నిబట్టి ఛార్జి వేస్తాయని, పెట్టెలో సగం ఉండేది వట్టి గాలేనని ఆ క్లాసులో చెప్పారు. క్లాసుకు రెండో సగం కూడా ఉంది. కాని విశ్వంభరం గారు మొదటి సగానికే చలించిపోయి బయటికి వచ్చేశారు. ఆ ఆదివారమే, సమితి అద్దెకు తీసుకునే బడి వ్యాయామశాలలో, అత్యవసర సమావేశం పెట్టారు.

"సోదర సోదరీమణులారా," అన్నారు ఆయన, "ఇన్నాళ్లుగా మనం మన కష్టార్జితాన్ని వెచ్చించి బాలానగర్ గాలిని దిగుమతి చేసుకుంటున్నాం."

బాలానగర్ గాలి ఎలా ఉంటుందో తెలిసిన వాళ్లు ముక్కు మీద వేలేసుకున్నారు. పెట్టెలో గాలికి తావుండరాదని ఏకగ్రీవంగా తీర్మానించారు. దానికి నిర్వాయు ప్రతిజ్ఞ అని పేరు పెట్టి, అందరూ లేచి కుడిచెయ్యి ముందుకు చాపి చదివారు. ఖాళీల నియంత్రణ ఉపసంఘం ఏర్పడింది. కార్యదర్శి తారకేశ్వరి గారు దానికి కన్వీనరు అయ్యారు. ఆమె ఊళ్లో పన్నుల లెక్కలు చూసే ఆఫీసులో పనిచేస్తారు. ఖాళీ జాగా కనిపిస్తే ఊరుకోలేని స్వభావం ఆమెది.

మొదట్లో అంతా సరదాగానే సాగింది. ప్రెషర్ కుక్కరులో కందిపప్పు పోశారు. బూట్లలో ఎండుమిరపకాయలు కుక్కారు. ఆ బూట్లు వేసుకుని ఉద్యోగం ఇంటర్వ్యూకు వెళ్లినతను మధ్యలో లేచి నిలబడ్డాడని, అతని ఉత్సాహం చూసి ఉద్యోగం ఇచ్చారని చెప్పుకున్నారు. ఒకావిడ తెప్పించుకున్న వీణ బుర్రలో శనగపప్పు నింపారు. పప్పు అంతా బయటికి రాలేదు. ఆవిడ ఏ రాగం వాయించినా వెనక గలగలమని తాళం వినిపించేది. దిండ్లు దూదిలో దాగిన గాలిగా గుర్తించి నిషేధించారు. పూతరేకుల మీద మాత్రం రెండు ఆదివారాలు చర్చ జరిగింది. పొరకూ పొరకూ మధ్య గాలి ఉందని ఉపసంఘం అంటే, ఆ గాలి తీసేస్తే మిగిలేది చక్కెర పూసిన కాగితమేనని ఆత్రేయపురం వైపు నుంచి వచ్చిన ఒకాయన కళ్ల నీళ్లు పెట్టుకున్నాడు. ఆయన పూతరేకుల్ని రోకలితో దంచి పొడిగా పంపడానికి ప్రత్యేక అనుమతి ఇచ్చారు.

ఇలా ఉండగా సమాజం రెండుగా చీలింది. బెల్లం, చింతపండు, రాతి రోలు లాంటివి తెప్పించుకునే వాళ్ల సరుకులో ఖాళీ ఉండదు గనుక సమితి భాషలో వాళ్లు ఘనులు అయ్యారు. బిందెలు, డబ్బాలు, చెంబులు తెప్పించుకునే వాళ్లు బోలువారు. బోలువారి వస్తువు పెట్టెలోకి వెళ్లాలంటే, దాని ఖాళీలో పట్టే సరుకున్న ఘనుడొకరు సమ్మతించాలి. ఉగాది సభలో ముందు వరస కుర్చీలు ఘనులకు వేశారు. బోలువారు వెనక నిలబడి పచ్చడి తిన్నారు.

తన బెల్టు వీటన్నిటికీ అతీతమని ఇందీవర నమ్మకం. రబ్బరు బెల్టులో గాలెక్కడ ఉంటుంది? ఆ నమ్మకంతోనే ఉపసంఘం ముందు కూర్చుంది. వ్యాయామశాలలో బాస్కెట్‌బాల్ రింగు కింద బల్ల వేసుకుని విశ్వంభరం గారు, తారకేశ్వరి గారు విచారిస్తున్నారు. తారకేశ్వరి గారు మధ్యమధ్య తలెత్తి ఆ రింగు వంక కూడా అనుమానంగా చూస్తున్నారు.

"బెల్టు మధ్యలో ఏముందమ్మా?" అని అడిగారు ఆవిడ.

"ఏమీ లేదండీ," అంది ఇందీవర.

"అదే మా అభ్యంతరం."

ఇందీవరకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తరువాత అర్థమై, మరింత అయోమయంలో పడింది. "మడిచేస్తే పిడికిట్లో పట్టేస్తుందండీ. ఇంక ఖాళీ ఎక్కడుంటుంది?"

విశ్వంభరం గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "మడత అన్నది వస్తువుకు తాత్కాలికంగా సంప్రాప్తించే ఒక అవస్థ. సమితి వస్తువు యొక్క సహజ స్వరూపాన్నే పరిగణనలోకి తీసుకుంటుంది. లేకపోతే రేపు ఏనుగును కూడా మడిచి పంపుతామంటారు."

"పోనీ అక్కడే కోసి పంపమంటానండీ. రిబ్బనులాగా వస్తుంది. ఇక్కడ ఎలాగో అతికించుకుంటాను."

"కోసినదాన్ని బెల్టు అని రాయడం అసత్య ప్రకటన అవుతుంది," అన్నారు తారకేశ్వరి గారు. "రిబ్బను అని రాస్తే మీరు బెల్టు అడగలేదన్నమాట. అప్పుడు మీ దరఖాస్తే లేదు."

ఆ మాట ఎంత పక్కాగా ఉందంటే ఇందీవర లేచి దండం పెట్టి బయటికి వచ్చేసింది. వాన పడుతోంది. గొడుగు తెరవడం కూడా మరిచిపోయి బస్టాపు దాకా నడిచింది. సంతలో తన చోట ఊదు కడ్డీల పొగ లేస్తున్నట్టు కళ్లకు కట్టింది. అక్కడే నిలబడి, తన బెల్టు మధ్యలో పట్టేది ఏదై ఉంటుందా అని ఆలోచించింది. గుండ్రంగా ఉండాలి. గట్టిగా ఉండాలి. అనకాపల్లి బెల్లం దిమ్మ.

అనకాపల్లి బెల్లం తెప్పించుకునేది గంటి సోమసుందరం ఒక్కడే. ఓడలకు రంగులు వేసే కంపెనీలో పని, ఒంటరి మనిషి, యాభై దాటాయి. ఇదివరకు సంతలో కనిపిస్తే చెల్లెమ్మా అని పలకరించి, ఇడ్లీ తిని, చట్నీ బాగుందని పదిసార్లు చెప్పి వెళ్లేవాడు. ఇప్పుడు ఆయన ఊళ్లోకెల్లా పెద్ద ఘనుడు. ఇందీవర వెళ్లేసరికి ఆయన ఇంటి మెట్ల మీద కుక్కరు వాళ్లు, ఇత్తడి బిందె వాళ్లు కూర్చుని ఉన్నారు. ఒకరు జంతికలు తెచ్చారు. ఇంకొకరు ఆయన కిటికీ అద్దాలు తుడుస్తున్నారు. లోపల సోమసుందరం ఇస్త్రీ చొక్కా వేసుకుని, కాలు మీద కాలేసుకుని కూర్చుని, ఆమెకు వేళ్ల కొసలు మాత్రం అందించాడు.

ఆమె చెప్పిందంతా విని ఆయన తల పంకించాడు. బెల్లానికి చాలామంది ఉన్నారని, అందరినీ పరిశీలించి న్యాయం చేయాలని, తొందరపడటం హోదాకు తగదని అన్నాడు. తారకేశ్వరి గారి మాటలు ఆయన నోట్లో కొత్త చెప్పుల్లా కరుస్తున్నాయి. ఇందీవర లేవబోయింది. అప్పుడు ఆయన కాలు దించాడు.

"కూకోమ్మా. నిజం సెప్పీసుకుంటే తప్పేటుంది? ఈ ఊరొచ్చి ఇన్నేళ్లయినాది, నా గుమ్మంలో ఇంతమంది ఎప్పుడూ నిలబళ్లేదు. బెల్లం వచ్చీసిందంటే మరి ఒక్కడూ రాడు. అందుకే లాగిస్తన్నాను."

ఇందీవర ఆయన వంక చూసింది. బల్ల మీద మూడు రకాల జంతికలున్నాయి, ఏదీ విప్పి తిన్నట్టు లేదు. బెల్లం వచ్చినా రాకపోయినా ఆదివారం పొద్దున్నే తమ ఇంటికి టిఫినుకు రమ్మంది. ఇడ్లీలు కావాలంటే బెల్టు రావాలి, అది వేరే సంగతి, అప్పటిదాకా ఉప్మా చేస్తానంది. సోమసుందరం బల్ల మీది జంతికలు పక్కకు జరిపాడు. తరువాత సమ్మతి పత్రం మీద సంతకం పెట్టి, తన బెల్లం నడుముకు బెల్టు పెట్టుకుని విమానమెక్కడం తనకూ గౌరవమేనన్నాడు.

పెట్టె సర్దే రోజు వ్యాయామశాలలో పెద్ద తెర కట్టి గోదాము నుంచి ప్రత్యక్ష ప్రసారం పెట్టారు. హైదరాబాదులో ఇద్దరు మనుషులు చెమటలు కక్కుతూ సర్దుతుంటే, ఇక్కడ విశ్వంభరం గారు మైకు పట్టుకుని వ్యాఖ్యానం చేశారు. బిందెలోకి చింతపండు వెళ్లింది. చింతపండు మధ్యలోకి చెంబు వెళ్లింది. చెంబులోకి ఇంగువ డబ్బా, ఇంగువ డబ్బా మూత సందులోకి గుండుసూదులు. బెల్లం దిమ్మ నడుముకు బెల్టు తొడిగినప్పుడు జనం చప్పట్లు కొట్టారు. ఇందీవర కూడా కొట్టింది. అంతా అయ్యాక, వస్తువులకూ వస్తువులకూ మధ్య ఇంకా సన్న సందులున్నాయని తారకేశ్వరి గారు తెర దగ్గరకు వెళ్లి కర్రతో చూపించారు. సమితి నిధులతో ఆవాలు కొని పోయించారు. ఆవాలు ఎవరూ అడగలేదు. కాని అవి నీళ్లలా ప్రతి సందులోకీ దూరాయి, బస్తాలకు బస్తాలు పట్టాయి. మూత మీద ఆ ఇద్దరూ కూర్చుని, పక్క గోదాము వాళ్లను కూడా పిలిచి కూర్చోబెట్టి మేకులు కొట్టారు.

"ప్రపంచ రవాణా చరిత్రలో," అన్నారు విశ్వంభరం గారు గద్గద స్వరంతో, "ఇది ప్రప్రథమ నిర్వాయు పేటిక."

అప్పుడు తెర మీదికి కొరియరు కుర్రవాడు వచ్చి పెట్టెను ఎత్తబోయి, ఎత్తలేక, త్రాసు తెప్పించాడు. సైజుకూ బరువుకూ ఏది ఎక్కువైతే దానికే ఛార్జి వేస్తామని అతను చెప్పాడు. క్లాసు రెండో సగంలో చెప్పింది అదే. ఇదివరకు పెట్టెలో గాలి ఉండటం వల్ల రెండూ ఇంచుమించు సరిపోయేవి. ఇప్పుడు సైజు చిన్నదే, బరువు మాత్రం చిన్న ఏనుగంత. విశ్వంభరం గారు మైకు చేతిలో అటూ ఇటూ తిప్పి, బరువు అనే అంశం సమితి తీర్మానం పరిధిలోకి రాదని ప్రకటించి, జాతీయగీతం పాడించారు.

వాటాలు చెప్పినప్పుడు ఇందీవరకు తెలిసిందేమిటంటే, బెల్టు ఒక్కదానికే టికెట్టు కొని, విమానంలో కిటికీ పక్క సీటులో కూర్చోబెట్టి, దానికి భోజనం కూడా పెట్టించినా ఇంతకంటే చవగ్గా వచ్చేది.

పెట్టె దిగింది గాని ఇంటికి రాలేదు. విమానాశ్రయం పక్కన కస్టమ్స్ గోదాములో ఎక్స్‌రే తీస్తే లోపలిదేదీ కనపడక నల్లటి దిమ్మలా వచ్చిందట. ప్రపంచంలో ఎవరు ఏది పంపినా కాస్త గాలి ఉంటుందని, గాలి లేని పెట్టెను తన సర్వీసులో చూడలేదని సోల్వేగ్ అనే అధికారిణి సభ్యులందరినీ పిలిపించి చెప్పింది. లోపల ఏముందని అడిగింది. బూట్లున్నాయన్నారు. బూట్లలో పసుపు కొమ్ములున్నాయన్నారు. అయితే ఇవి బూట్లా, ఆహారమా, ఏ పన్ను వేయాలని అడిగింది. పన్నుల ఆఫీసులో పనిచేసే తారకేశ్వరి గారు, బూట్లు బయటి స్వరూపమని, పసుపు అంతర్గత స్వభావమని వివరించబోయారు. సోల్వేగ్ అంతా ఓపికగా విని, పెట్టెను ఫోర్క్‌లిఫ్టుతో బయట వానలో దింపించి, మీరే విప్పి చూపించండంది.

గునపం కావలసి వచ్చింది. సోమసుందరం చొక్కా చేతులు పైకి మడిచి ఒక పక్క పలక ఊడబీకాడు. ఒక్క క్షణం ఏమీ జరగలేదు. తరువాత ఆవాలు కదిలాయి. సన్నటి ధారగా మొదలై, పలకలన్నీ తోసుకుని, కార్ల పార్కింగు అంతటా నల్లగా పరుచుకున్నాయి. అందరూ ప్రశాంతంగా ఉండాలని చెప్పడానికి విశ్వంభరం గారు ఒక అడుగు ముందుకు వేశారు. ఆ అడుగు ఆగలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, ముఖంలో గాంభీర్యం చెక్కుచెదరకుండా, ఆయన ఆవాల మీద నిలువుగా జారుతూ టాక్సీ స్టాండు దాకా వెళ్లారు. అక్కడ కూర్చున్నారు. ఆకాశంలోంచి సముద్రపు కాకులు దిగాయి. బిందె కోసం ఒకరు, బిందెలో చింతపండు కోసం ఒకరు చెరో పక్క లాగుతున్నారు. పూతరేకుల పొడి వానకు పాయసమై పారుతుంటే ఆత్రేయపురం ఆయన దోసిలి పట్టాడు.

బెల్లం దిమ్మ దొరికింది. హైదరాబాదు ఎండకు మెత్తబడి, ఇక్కడి చలికి గట్టిపడి, బెల్టును నడుములోకి పూర్తిగా మింగేసింది. ఇందీవర వేళ్లతో లాగింది, రాలేదు. సోమసుందరం దిమ్మను వాటేసుకుంటే ఆమె కాలు తన్నిపెట్టి లాగింది. గొడుగు కింద నుంచి తారకేశ్వరి గారు, ఘన బోలు వస్తువులను విడదీయడానికి ఉభయ పక్షాల రాతపూర్వక సమ్మతి అవసరమని గుర్తుచేశారు. ఇందీవరకు నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూసి ఆపుకోలేకపోయింది. బెల్లం వాటేసుకుని ఉన్న సోమసుందరానికీ నవ్వొచ్చింది. బిందె వాళ్లు బిందె వదిలేసి నవ్వారు. సోల్వేగ్ కూడా అటు తిరిగి భుజాలు కదిలించింది.

"దిమ్మ మొత్తం నువ్వే అట్టుకెళ్లిపోమ్మా," అన్నాడు సోమసుందరం ఊపిరి పీల్చుకుంటూ. "బెల్టు తీసీసి, మిగిలింది నాకు పానకం పోసియ్యి. సాలు."

ఇంట్లో పెద్ద గిన్నెలో గోరువెచ్చని నీళ్లు పోసి ఆమె దిమ్మను అందులో కూర్చోబెట్టింది. బెల్లం మెల్లగా కరిగి, చివరికి బెల్టు పాము పిల్లలా పైకి తేలింది. సబ్బుతో రుద్ది కడిగి, తుడిచి, ఆరబెట్టి తొడిగింది. స్విచ్ నొక్కింది. గ్రైండరు తన చోట తాను నిలబడి, ఆమె నెలలుగా వినని ఆ గరగర శబ్దంతో తిరిగింది. ఆమె గ్రైండరు పక్కనే స్టూలు వేసుకుని, పప్పు నురగలా లేచేదాకా ఊరికే చూస్తూ కూర్చుంది. అప్పటికే వచ్చి కూర్చున్న సోమసుందరం శొంఠి వేసిన పానకం తాగుతూ, ఈ ఒక్క గ్లాసుతో తన ఘనత కరిగిపోయిందని, ప్రాణం హాయిగా ఉందని అన్నాడు.

శనివారం హాల్వర్ కెప్టెను గొడుగు మూసి ఒక ఇడ్లీ తిన్నాడు. రెండోదీ తిన్నాడు. వాన గురించి ఏమీ అనలేదు. ఖాళీ ప్లేటు చాపాడు. మధ్యాహ్నానికి వరస చేపల బల్ల దాటింది. సంత అధికారి వచ్చి, ఊదు కడ్డీల వాళ్లకు వేరే చోటు చూస్తామని చెప్పి, తనూ వరసలో నిలబడ్డాడు.

ఆ వరసలోనే కొద్దిగా కుంటుతూ విశ్వంభరం గారు వచ్చారు. సమితి అత్యవసరంగా సమావేశమైందని, బరువే అసలు శత్రువని ఏకగ్రీవంగా గుర్తించిందని చెప్పారు. ఘనులను వెనక కుర్చీలకు పంపారట. ఆత్రేయపురం ఆయన ఇప్పుడు ఉపాధ్యక్షుడట. వచ్చే పెట్టె నిండా మరమరాలు, దూది దిండ్లు తెప్పిస్తున్నారట. అందరికంటే ముందు ఖాళీని సమితి దృష్టికి తెచ్చిన వ్యక్తిగా, వాయు పునరుద్ధరణ సంఘానికి ఇందీవర అధ్యక్షత వహించాలని కోరారు.

ఇందీవర ఆయన ప్లేటులో రెండు ఇడ్లీలు పెట్టి, చట్నీ వేసింది. ఆయన తుంచి నోట్లో పెట్టుకున్నారు. కళ్లు మూతపడ్డాయి. కాసేపటికి, ఎప్పుడూ లేనంత మామూలు గొంతుతో అడిగారు.

"ఇంత మెత్తగా ఎలా వచ్చిందమ్మా?"

"గాలండీ. గ్రైండరు తిరుగుతున్నంతసేపూ పిండిలోకి గాలి ఎక్కుతుంది. మిక్సీలో అది రాదు. బెల్టు కావాలన్నది అందుకే."

ఆయన ప్లేటు వంక చూశారు. తుంచిన ఇడ్లీ లోపల సన్నసన్నటి చిల్లులు ఎన్నో ఉన్నాయి. "ఈ గాలి," అన్నారు జాగ్రత్తగా, "ఎక్కడిది?"

"ఇక్కడిదేనండీ. ఊరికే వస్తుంది."

విశ్వంభరం గారు ఎడమచేత్తో ఫోను తీసి, స్థానిక వాయు వనరుల సద్వినియోగం గురించి తరువాతి సమావేశంలో చర్చించాలని తనలో తాను చెప్పుకుంటూ టైపు చేయడం మొదలుపెట్టారు. వెనక వరస ఆగిపోయింది. ఇందీవర ఆయన ప్లేటులో ఇంకొకటి వేసి, వెనకవాళ్లు వానలో ఉన్నారు, కొంచెం పక్కకు జరగండంది.

ఆయన జరిగారు.